పైడమ్మ ఆపిన మాత్రలు

అది 2022 వేసవి. అప్పటికి చాలా ఏళ్ళుగా నేను విశాఖలో ఒక ఆసుపత్రి తరఫున హోమ్ కేర్ నర్సుగా తిరుగుతున్నాను. మా విభాగం పేరు పాలియేటివ్ కేర్. అంటే జబ్బు ఇక తగ్గదని తేలాక, ఉన్నన్నాళ్ళూ మనిషిని బాధ లేకుండా చూసుకోవడం. ఆ పని పేషెంటు ఇంటికే వెళ్ళి చేస్తే హోమ్ కేర్. నా ఇల్లు వన్ టౌన్‌లో, పేషెంట్లు పెందుర్తి నుంచి పరవాడ దాకా, మధ్యలో లారీల వెనక నా స్కూటీ. నా ఉద్యోగం సంగతి తెలిసినవాళ్ళందరూ భయం వేయదా అని అడుగుతారు. చావంటే ఇప్పుడు పెద్దగా వేయదు. ఇంట్లోవాళ్ళంటేనే వేస్తుంది.

సత్యనారాయణ గారి ఇల్లు పెందుర్తిలో ఒక కాలనీలో ఉండేది. కుర్రతనంలో గోదావరి జిల్లా నుంచి స్టీల్ ప్లాంట్ పనికి వచ్చి, బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర, అంటే ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమి దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ప్రోస్టేట్ క్యాన్సర్ వెన్నుపూసలోకి పాకింది. భార్య పైడమ్మ ఇక్కడే, విశాఖ పక్కన పద్మనాభం ఊరి వైపు మనిషి.

వాళ్ళకి ఒక్కడే కొడుకు, బడికి వెళ్ళే వయసులో జ్వరం వచ్చి పోయాడు. అప్పుడు మంచం దిగని పైడమ్మ దగ్గరికి రోజూ వచ్చి కూర్చుని, గంజి తాగించి, ఏడ్చినంతసేపు ఏడవనిచ్చింది ఆ వీధి చివర చర్చి ఆడవాళ్ళు. ఆవిడ బాప్తిస్మం తీసుకుంది. సంఘంలో ఆవిడ పేరు ఎస్తేరు. ఆయనకి మాత్రం ఎప్పటికీ పైడే. ఆయన సింహాద్రి అప్పన్నని వదల్లేదు, ఆవిడ ఆయన్ని వదల్లేదు. ముందు గదిలో అప్పన్న పటం, లోపలి గదిలో సిలువ. ఆయన కొండ మీద నుంచి తెచ్చిన ప్రసాదాన్ని ఆవిడ ముట్టేది కాదు. ఆదివారం ఆవిడని బండి మీద చర్చికి దింపి, ప్రార్థన అయ్యేదాకా ఆయన ఎదురుగా టీ కొట్టులో పేపరు చదువుకునేవాడట. ఆ ఇంట్లో ఈ విషయమై గొడవ పడినట్టు చుట్టుపక్కల ఎవరూ వినలేదు.

ఆయనకి మేము మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టాం. నొప్పికి మా దగ్గరున్న గట్టి మందు అది. నొప్పి వచ్చాక కాకుండా, రాకముందే వేళకి వేస్తూ ఉండాలి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, తర్వాత ఆ మగత పోతుంది. పోకుండా ఉండిపోయేది మలబద్ధకం. అందుకే దాంతోపాటు విరేచనాల మందు కూడా రాస్తాం. మా ఉద్యోగంలో సగం మాటలు దాని గురించే. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే నమస్కారం తర్వాత అడిగేది ఆ సంగతే.

మాత్రలు బాగా పనిచేశాయి. పెయిన్ స్కోరు అని ఒకటి ఉంటుంది, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా పేషెంటే చెప్పే అంకె. ఎనిమిది దగ్గరున్న మనిషి రెండుకి వచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్ళందరినీ పలకరించడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఒకసారి వెళ్ళేసరికి ఆయన గోడవైపు తిరిగి, దుప్పటి అంచు పళ్ళ మధ్య బిగించి పడుకుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, ఆగని ఆవులింతలు, ముక్కు కారుతోంది.

"స్కోరెంతండీ?"

"తొమ్మిదేసుకోండి సిస్టరు గారండీ."

"మోషన్ ఎలా అవుతోంది?"

"అదొక్కటీ బ్రహ్మాండంగా ఉందండి. అసలాగట్లేదు" అని నవ్వబోయి, నడుము పట్టేసి ఆగిపోయాడు.

మార్ఫిన్ సరిగా పడుతున్న మనిషికి అలా అవదు. చెమట, ఆవులింతలు, కారే ముక్కు కూడా కలిపి చూస్తే ఒకటే అర్థం. ఎవరో మాత్రలు ఉన్నట్టుండి ఆపేశారు. ఆ ఇంట్లో మాత్రలు వేసే మనిషి ఒక్కరే.

పైడమ్మ వంటగదిలో చింతపండు పిసుకుతోంది.

"నొప్పి మాత్రలు వేయడం ఎప్పుడు మానేశారు పైడమ్మ గారూ?"

"ఏత్తన్నాను సిస్టరమ్మా."

"ఏ మాత్రలు వేస్తున్నారు?"

ఆవిడ చేతులు ఆగాయి. "బలానికిచ్చినారు కదా, ఆ తెల్లవి" అంది. క్యాల్షియం మాత్రలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మామూలుగానే నా నోరు మంచిది కాదు. "అక్కడ మనిషి దుప్పటి కొరుక్కుంటున్నాడు. పగవాళ్ళకి కూడా ఇలా చేయరు. ఏమనుకుని చేశారు?" అని గట్టిగానే అడిగాను.

"ఆ మాత్రేత్తే మత్తుగా తొంగుంటాడమ్మా. పాస్టరు గారు సెప్పినారు, తెలివిలో ఉండి సొంత నోటితో ప్రభువుని ఒప్పుకోవాలని. మత్తులో ఊ అంటే అది సెల్లదు. ఆయనకింకెన్నాళ్ళో లేవని మీ డాట్రు గారే అన్నారు కదా."

"ఒప్పుకోకపోతే ఏమవుతుందంటారు?"

ఆవిడ నా వైపు తిరిగింది. చేతుల నుంచి చింతపండు రసం కారుతూనే ఉంది. "నా బాబు అక్కడున్నాడు సిస్టరమ్మా. రేపు నానూ ఎల్తాను. అమ్మా, నాన్నేడీ అనడిగితే ఏటి సెప్పాల నాను?"

నా కోపం అక్కడితో దిగిపోయింది. పాస్టరు మాత్రలు ఆపమనలేదు, ఆ లెక్క ఆవిడ సొంతంగా వేసుకున్నది. పైగా అలాంటి మాట నాకు కొత్త కాదు. నా పేరు ముంతాజ్. మా అమ్మ ఐదు పూటల నమాజూ వదలని మనిషి. నా పనికి అల్లా నన్ను మెచ్చుకుంటాడని ఒక నోటితో అంటుంది, కలిమా, అంటే అల్లా ఒక్కడేనని ఒప్పుకునే మాట, చదవని నా పేషెంట్లకి మాత్రం ఆ లోకంలో కష్టమేనని అదే నోటితో అంటుంది. నేను వాదించను. కానీ ఏ పేషెంటు ఆఖరి ఘడియలో ఉన్నా నాకొచ్చిన దువా, అంటే ప్రార్థన, ఒకటి మనసులో చదువుకుంటాను. అలా చదవొచ్చో లేదో ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారేమోనని.

అందుకని పైడమ్మతో దేవుడి గురించి మాట్లాడలేదు. నాకు తెలిసిన నొప్పి గురించే మాట్లాడాను.

"నొప్పిలో ఉన్న మనిషి దేనికైనా ఊ అంటాడమ్మా. తగ్గిస్తానంటే నన్ను దేవత అనమన్నా అంటాడు. ఆ ఊ మాత్రం చెల్లుతుందా?"

ఆవిడ చింతపండు గిన్నె పక్కకి జరిపింది.

"మగత మొదటి రెండు రోజులే. తర్వాత వరండాలో కూర్చుని ఊరందరితో కబుర్లు చెప్పింది ఈయనే కదా. ఆయన తెలివిని తినేస్తున్నది నొప్పి. తెలివిలో ఉండగా అడగాలంటే ముందు దాన్ని తగ్గించండి."

ఆవిడ చేతులు కడుక్కుంది. నేను డాక్టరుగారికి ఫోన్ చేశాను. మధ్యలో ఆగిపోతే ఒంటికి మందు అలవాటు తప్పుతుంది, పాత మోతాదు ఒక్కసారే వేయకూడదు. తక్కువతో మొదలుపెట్టమన్నారు. మాత్ర పైడమ్మే తెచ్చి ఆయన నోట్లో వేసింది. ఆ వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను పక్కనే కూర్చున్నాను. కొంతసేపటికి ఆయన దవడ సడలింది.

"ఇది చేదుగా ఉందండి" అన్నాడు.

"అవునండీ."

"మొన్నటిదాకా చప్పగా ఉండేయండి."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారండీ?"

"అడిగితే సిగ్గుతో చచ్చిపోద్దండి మా పైడి. ఎందుకు చేస్తుందో నాకు తెలుసు కదండి. నేను పడుకున్నాననుకుని నా కాళ్ళ దగ్గర మోకరించి ఏడుస్తుందండి. ఏదో ఒకటి చెయ్యనివ్వాలి కదండి దాన్ని."

అడగకూడదు గానీ అడిగేశాను. "ఆవిడ కోరేది ఒక్క మాటే కదండీ. అనేస్తే ఏం పోయింది?"

"అనేయొచ్చండి, ఎంతసేపు. నమ్మకం లేకుండా అంటే అబద్ధవే కదండి. నేను పోయాక ఆ మాట పట్టుకుని బతుకుద్ది అది. దాన్ని అబద్ధం మీద కూర్చోబెట్టి ఎలా పొమ్మంటారండి?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇన్నాళ్ళూ చూసుకున్న అప్పన్నని ఆఖర్లో కాదనలేనండి. అలాగని దాని ప్రభువుతో నాకు పేచీ ఏంలేదండి. ఆవేళ దాన్ని మంచం మీంచి లేపింది ఆయనే కదండి."

తర్వాత వెళ్ళినప్పుడు స్కోరు మళ్ళీ రెండుకి వచ్చింది. పైడమ్మ గేటు దాకా నాతో వచ్చింది.

"అడిగినాను సిస్టరమ్మా. కాదన్నాడు. అబద్ధమాడలేనన్నాడు." మొహం వాడిపోయి ఉంది. "మాత్రలు ఆపినన్నాళ్ళూ రోజూ అడుగుదామనే ఆపినాను. అంత బాధలో మనిసిని సూసి నోరు రాలేదు. అప్పుడే అడిగుంటే ఊ అనీసేవోడేమో."

ఆ మాట విని ఆవిడని పట్టుకుని నేనూ ఏడ్చాను. పేషెంట్ల ఇంట్లో ఏడవకూడదని మాకు ట్రైనింగ్‌లో చెబుతారు. గేటు దగ్గర కాబట్టి ఫర్వాలేదనుకున్నాను. ఆఖరిదాకా మళ్ళీ ఒక్క మాత్ర కూడా తప్పలేదు.

ఆయన పోయే రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. నేను వెళ్ళేసరికి ఊపిరి విడివిడిగా ఆడుతోంది. స్పృహ లేదు, మొహంలో నొప్పి కూడా లేదు. పక్కింటావిడ గ్లాసులో నీళ్ళు, తులసాకు తెచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. పోయేవాళ్ళ నోట్లో తులసి తీర్థం పోయడం వాళ్ళ ఆచారం. పైడమ్మ అలాంటివి ముట్టదని వీధంతా తెలుసు.

"నాను పోసీనా వదినా?" అని పక్కింటావిడ మెల్లగా అడిగింది.

పైడమ్మ లేచి గ్లాసు అందుకుంది. "నానే పోత్తాను. నా సేతిమీదే ఎల్లాల."

తులసాకు ముంచి, ఆయన పెదాల మధ్య చుక్కలు చుక్కలుగా వదిలింది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. దగ్గరున్నాను కాబట్టి నాకు వినబడింది, ప్రభువునే పిలుస్తోంది. నా దువా నేను చదువుకున్నాను. అప్పన్న పటం ఎదురుగానే ఉంది. అంత ప్రశాంతమైన చావు నేను తక్కువగా చూశాను.

మనిషి పోయిన కొన్నాళ్ళకి ఆ ఇంటికి మళ్ళీ ఒకసారి వెళ్తాం. బిరీవ్‌మెంట్ విజిట్ అంటారు, మిగిలిన మనిషి ఎలా ఉన్నారో చూడటానికి. పైడమ్మ టీ ఇచ్చింది. తులసి నీళ్ళ సంగతి పాస్టరుగారికి చెప్పారా అని అడిగాను.

"సెప్పలేదు. ప్రభువుకి సెప్పినాను." ఆ తర్వాత అడిగింది, "మీ వోళ్ళలో ఏటంటారు? ఆయనకి సోటుంటాదా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మా వాళ్ళలోనూ మీ పాస్టరుగారిలా చెప్పేవాళ్ళే ఎక్కువమ్మా."

తల ఊపింది. "దారొకటే సిస్టరమ్మా, ఆ నమ్మకం నాను మార్సుకోను. గానీ ఆ దారేసినోడినే రోజూ అడుగుతన్నాను, మా ఆయన్ని ఎలాగోలా లోపలికి రానీమని."

ఆ కేసు తర్వాత నా పద్ధతి కొంచెం మారింది. కొత్త ఇంటికి వెళ్ళినప్పుడు పేషెంటుని నొప్పి ఎంతుందని అడిగాక, మాత్రలు వేసే మనిషిని పక్కకి పిలిచి, మీకు దేనికి భయంగా ఉంది అని అడుగుతున్నాను. చాలా ఇళ్ళలో మందు పనిచేయకపోవడానికి కారణం అక్కడే దొరుకుతోంది. ఇక మోక్షానికి దారి ఒకటో పదో తేల్చే చదువు నాకు లేదు. పైడమ్మ ఒకటే అంటుంది, మా అమ్మా ఒకటే అంటుంది, ఆ ఒకటి ఏదన్న దగ్గర ఇద్దరికీ కుదరదు. నేను చూసింది మాత్రం నేను చెప్పగలను. ఒకటే దారని గట్టిగా నమ్మిన మనిషి, ఆ దారిన రాని మనిషి నోట్లో తన చేత్తో తులసి నీళ్ళు పోసింది. ఆవిడ దేవుడు ఆవిడకన్నా దయ తక్కువవాడై ఉంటాడంటే నేను నమ్మలేను.