నాలుగు మూలలా పసుపు

నేను చదివింది మూడో తరగతి దాకే, ఉదయగిరిలో, కొండ కింద బడిలో. ‘ఇంక చాల్లే, కొట్లో చీటీలు చదివేదానికి ఈ మాత్రం సరిపోద్ది’ అని మా నాయన మాన్పించాడు. పెళ్లయి ఆత్మకూరు వచ్చాక చిల్లర కొట్లో కూర్చుని ఆ చదువుతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను. అది చాలలేదని మొన్న మునిసిపాలిటీ ఓట్లు లెక్కపెట్టిన నాడు తెలిసింది.

మా వార్డుకు నిలబడింది మా కోడలే. అనంతసాగరం పిల్ల. నా కొడుకు పోయి అప్పటికి ఆరేళ్లు. కర్మలు అయిపోయిన మర్నాడు ఆమె కుంకుమ భరిణెను నేనే తీసి నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. ఎవరూ చెయ్యమనలేదు. మా అత్త ఇంకొకరికి చేస్తుంటే చూశాను, నేనూ చేశాను. మా ఆయన మంచంలో ఉన్నా, ఉన్నాడు గనక నా మొహాన పసుపు ఉంది. పెళ్లిళ్లకు నేను వెళ్లేదాన్ని, ఆమె కొట్టు చూసేది. ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణమవుతుంటే ‘కాస్త లోపలికి పోవే’ అనేదాన్ని. పోయేది. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. మొహానికి రాసుకునే పసుపు నెలకు చాలేది ఇప్పుడు రెండు నెలలు వస్తోందే అని అప్పట్లో ఒకసారి అనుకున్నాను కూడా. పొదుపు మనిషిని. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మా వీధికి కుళాయి లేదు. రోజు విడిచి రోజు ట్యాంకరు వస్తుంది. కోడలు పదో తరగతి పాసైంది కాబట్టి కుళాయి కోసం అర్జీలన్నీ ఆమే రాసేది. ఈసారి మా వార్డు ఆడవాళ్లకు వచ్చిందని తెలియగానే వీధిలో ఆడవాళ్లంతా కొట్టు ముందు చేరారు.

“రాసి రాసి నీ చేతులు అరిగిపోయినాయి. ఆ అర్జీలు తీసుకునే కుర్చీలో ఈసారి నువ్వే కూర్చో” అంది పక్కింటామె.

నాకు ఒళ్లు మండింది. “కొట్టెవరు చూస్తారంట? దండలు, హారతులని వీధుల్లో తిరిగే రాత దీనికుండాదా?”

“నాకు లేకపోయినా పర్లేదత్తా. వీధికి కుళాయి వచ్చే రాత ఉంటే చాలు” అంది కోడలు, గిరాకీకి పంచదార తూస్తూనే.

ఆమెకు బక్కెట్టు గుర్తు వచ్చింది. ట్యాంకరు దగ్గర ఒకటే నవ్వులు.

“ఒసే, ఉత్త బక్కెట్టు ఇచ్చినారే నీకు!”

“నువ్వు ఓటెయ్యక్కా, అదే నిండుద్ది.”

ఇంటింటికీ తిరిగింది. తిరిగొచ్చి కొట్లో కూర్చునేది. నేను ఒక్క మంచి మాట అనలేదు. అడ్డమూ పడలేదు.

ఓట్లకు రెండు రోజుల ముందు ట్యాంకరు వచ్చింది. లైన్లో నేనూ ఉన్నాను. ఎదుటి పక్షం మనిషి ఒకామె అందరూ వినేలా అంది: “ఎదురొస్తేనే పని చెడిపోయే మనిషి. ఆమెకు ఓటేస్తే వార్డు బాగుపడుద్దంటనా?”

అందరూ నా వైపు చూశారు. మామూలుగా అయితే ఆమెను నాలుగు మాటలతో అక్కడే కూర్చోబెట్టేదాన్ని. కానీ ఆ మాట నాదే. ఆరేళ్లుగా నేను ఇంట్లో అంటున్నదే, ఆమె బజార్లో అంది. కోడలు తలెత్తలేదు. నిండిన బక్కెట్టు ఎత్తుకుని, చుక్క ఒలకకుండా ఇంటికి నడిచింది.

ఆమె గెలిస్తే పెట్టె తాళం తీసి ఆ భరిణె అందరి ముందూ నా చేత్తో ఆమె చేతికివ్వాలని ఆ రోజే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పే అలవాటు నాకు లేదు.

మా ఇళ్లలో మంచి పని కాగితం ఏదైనా నాలుగు మూలలా పసుపు పెట్టందే గడప దాటదు. పసుపు లేకుండా వచ్చేది చావు కబురే. ఆమె పేరున్న ఓటు కాగితాన్ని అట్లా ఉత్తగా ఓట్ల పెట్టెలో వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఓట్ల నాడు పొద్దున్నే పసుపు పొట్లం కట్టి కొంగున ముడేసుకున్నాను. లైన్లో నా ఈడు ముసలివాళ్లు ఆరుగురున్నారు. తలా చిటికెడు పంచాను.

“ఓటుక్కూడానా వదినా?”

“పెళ్లి పత్రికకు పెట్టేది దీనికి పెట్టకూడదా? ముద్ర బక్కెట్టు మీద, పసుపు మూలల్లో. గట్టిగా అద్దండి.”

“చిటికెడేనా ఇచ్చేది? పసుపు కాడ కూడా పిసినారితనమే!”

“మిగిలితే తిరిగియ్యి” అన్నాను.

లోపల చాటున నిలబడి వేలు తడి చేసుకుని నాలుగు మూలలా అద్దాను. ఆరేళ్లలో ఆ పిల్ల పేరు మీద నేను పెట్టిన మొదటి పసుపు అది.

లెక్కపెట్టే రోజు ట్రంకుపెట్టె తాళంచెవి రొంటిన దోపుకుని కొట్లో కూర్చున్నాను. మనామే ముందుందని మొదట కబురొచ్చింది. తర్వాత చాలాసేపు ఏ కబురూ రాలేదు. మధ్యాహ్నం కోడలు, పక్కింటామె నడిచి వచ్చారు. కోడలు లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు తాగి వచ్చి బియ్యం బస్తా మీద కూర్చుంది. పక్కింటామే చెప్పింది.

“నాలుగు ఓట్లతో పోయినాది పెద్దమ్మా. బక్కెట్టు మీద ముద్ర కొట్టినవే ఏడు ఓట్లు పక్కన పడేసినారు. కాగితానికి నాలుగు మూలలా పసుపంట! ఎవరేసిందీ తెలిసిపోయే గుర్తేదన్నా ఉంటే ఆ ఓటు చెల్లదంట. ఎవురో గిట్టనోళ్లు మంత్రం పెట్టినారు.”

నేను మాట్లాడకుండా ఉంటే ఆ మాట అట్లాగే నిలిచిపోయేది. నాతో పాటు పెట్టిన ఆరుగురూ నాకు భయపడేవాళ్లే, బయట పెట్టరు. కోడలు నా కొంగు వైపు చూస్తోంది. ముడి పడిన చోట పసుపు మరక ఇంకా పోలేదు.

“మంత్రం కాదు. నేనే” అన్నాను.

పక్కింటామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

“ముద్ర తప్ప ఏం పెట్టకూడదని అక్కడ గోడకు అంటించినారే, చదవలేదా అత్తా?”

“చదివినాను. పసుపును ఎవురు కాదంటార్లే అనుకున్నాను.”

కోడలు తన చేతులకేసి చూసుకుంది. “కాగితానికి పెట్టినావు” అంది.

అంతే. తిట్టుంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

లోపలికి వెళ్లి పెట్టె తెరిచాను. భరిణె మూత బిగుసుకుపోయింది. తెచ్చి కొట్టు బల్ల మీద, ఆమె ముందు పెట్టాను. గెలిస్తే అనాలని సిద్ధం చేసుకున్న మాట ఒకటుంది. ఓడించిన నోటితో అది రాలేదు. ఆమె భరిణెను చూసింది, ముట్టుకోలేదు. ఈలోగా వీధి చివర ట్యాంకరు హారను మోగింది.

“నీళ్లబండి వచ్చినాది” అని బక్కెట్టు తీసుకుని వెళ్లింది.

కాసేపటికి నేనూ బిందె చంకన పెట్టుకుని లేచాను. గడప దాటబోతుంటే నిండు బక్కెట్టుతో ఎదురుగా వస్తోంది. నన్ను చూడగానే ఆగింది. అలవాటు కొద్దీ గోడ వారకు తప్పుకుని, మొహం పక్కకు తిప్పుకుని నిలబడింది.

“రావే, బరువు. ముందు నువ్వు రా” అన్నాను.

“పర్లేదు. నువ్వు పో అత్తా” అంది.

బక్కెట్టు కింద పెట్టలేదు. నేను దాటి వెళ్లేదాకా అట్లాగే పట్టుకుని నిలబడింది.