మూడో ముక్క నా దగ్గరే ఉండిపోయింది

నా జబ్బు సంగతి నాకు మొదట చెప్పింది డాక్టరు కాదు, చెప్పులు. ఒక ఉదయం విడవలూరులో మా టైలరింగ్ కొట్టు తెరవడానికి బయల్దేరి, రోజూ వేసుకునే చెప్పుల్లో కాళ్లు పెడితే పట్టలేదు. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల కొలతలు నాకు నోటికి వచ్చు. నా పాదాల కొలత మారిన సంగతి మాత్రం తెలియలేదు. ఒళ్లు చేశాననుకున్నాను. అప్పటికే అన్నం సహించక చాలా రోజులైంది. తినకుండానే ఒళ్లు రావడం అదృష్టమే కదా అని కాస్త మురిసిపోయాను కూడా.

ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. పొద్దున లేస్తూనే వాంతులు, ఒళ్లంతా దురద. ఒక జాకెట్టు కుట్టడం పూర్తయ్యేలోపు రెండుసార్లు మిషన్ ఆపి ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది. మా ఆయన రైస్ మిల్లులో పని చేస్తాడు. ఒక రోజు నా ముఖం కేసి చూసి, "ఏందిమే, కళ్ల కింద అట్ట ఉబ్బినాయి? పా, నెల్లూరు పోదాం" అని బండి ఎక్కించాడు.

ఆస్పత్రిలో నర్సు బీపీ చూసింది. నమ్మకం కుదరక ఇంకోసారి చూసింది. రక్తం తీశారు, స్కానింగ్ చేశారు. డాక్టరు గారు కాగితాలు చూసి, "క్రియాటినిన్ చాలా హై ఉందమ్మా. రెండు కిడ్నీలూ ష్రింక్ అయిపోయాయి. బీపీ ఎన్నాళ్ల నుంచి?" అని అడిగారు.

"నాకు బీపీ లేదండీ."

"ఉందమ్మా. మీకు చెప్పకుండా ఉంది."

బళ్లో లెక్కల పరీక్షలో నాకు రెండంకెల మార్కులు రావడం అరుదు. ఒకటి దగ్గర ఆగాల్సిన క్రియాటినిన్‌లో వచ్చాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ అన్నారు. "ఎన్నాళ్లండీ?" అంటే, "ట్రాన్స్‌ప్లాంట్ కుదిరేదాకా. లిస్టులో పేరు పెట్టిద్దాం" అన్నారు. మా ఆయన గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

మొదట మెడలో కేథటర్ అనే గొట్టం పెట్టారు. దానికి ఇన్ఫెక్షన్ వచ్చి, డయాలసిస్ మిషన్ మీద ఉండగానే పళ్లు టకటకా కొట్టుకునేంత చలిజ్వరం. అది తగ్గాక ఎడమ చేతిలో ఫిస్టులా చేశారు. ధమనినీ సిరనూ కలిపి కుట్టేయడమన్నమాట. బళ్లో నేర్చుకున్న సంధి ఒకటి, నేను చదివే నవలల్లో రాజులు చేసుకునే సంధి ఇంకొకటి. నా చేతిలో జరిగింది మూడోది. వేలు ఆనిస్తే లోపల బుర్రుమంటుంది. కుట్టు మిషన్‌కు నేను దూరమైతే, అదే వచ్చి నా ఒంట్లోకి దూరి కూర్చుంది.

అసలు బాధ సూది కాదు, కదలకుండా ఉండటం. ఇరవై ఏళ్లుగా మిషన్ తొక్కిన కాళ్లు నావి. మంచం మీద పడుకోబెడితే లేని మిషన్‌ను తొక్కేవి. గడియారం చూడకూడదని కళ్లు మూసుకుంటే గడియారమే కనిపించేది. "అమ్మా, కదలొద్దు, అలారం కొడతాది" అని టెక్నీషియన్ అమ్మాయి మేరీ ఎన్నిసార్లు అరిచిందో.

నా పక్క మంచం పోలయ్యన్నది. మైపాడు దగ్గర పల్లె, ఒకప్పుడు సముద్రం మీద చేపల వేటకు వెళ్లేవాడు. అవతలి మంచం బుచ్చిరెడ్డిపాలెం రైతు రాఘవరెడ్డి గారిది. ఒక రోజు రెడ్డి గారు పెద్ద ఇటుకంత పుస్తకం ఒంటి చేత్తో ఎత్తి పట్టుకుని చదువుతూ ఉండగా అది జారి ఆయన ముక్కు మీద పడింది. అట్ట మీద కోట, ఏనుగులు కనిపించాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. పెళ్లికి ముందు అద్దె పుస్తకాల కొట్టులో రాజుల నవలలన్నీ నమిలేసిన మనిషిని నేను.

"ఇప్పుడు ఏం చదవతా ఉండారండీ?" అన్నాను.

"రాజుల కథేనమ్మా. చదవడం యాడ, మోయడమే సరిపోతా ఉంటే."

"నాది కూడా రాజుల కథే," అంటూ పోలయ్యన్న తన దుప్పటి కింద నుంచి అట్టలేని పుస్తకం తీశాడు.

ఆ రోజు నుంచి మా ముగ్గురికీ పలకరింపు మారిపోయింది. "ఎట్టుండారు?" అని అడిగేవాళ్లం కాదు. ఎట్టున్నామో మిషనే చెప్తోంది కదా. "ఏం చదవతా ఉండారు?" అనే అడిగేవాళ్లం. రెడ్డి గారికి యుద్ధం కంటే మేత ముఖ్యం. "ఇన్ని ఏనుగుల్ని తోలుకొచ్చినాడు సరే, గడ్డి ఎవుడు కోసినాడు?" అని రచయితను నిలదీసేవారు. పోలయ్యన్నకు అంతఃపుర కుట్రలు కావాలి. ఓడలూ తుఫానూ వచ్చాయంటే పేజీలు తిప్పేసేవాడు. "అది చూసేదానికి పుస్తకం ఎందుకమ్మా, ఇంటి వాకిలి చాలు గదా!" నేను రాణుల బట్టలు చూస్తాను. ఆ కాలంలో ఆ రవికెకు ఆ చేతులు ఉండవని గొణుక్కుంటాను.

రెడ్డి గారి ఇటుకను ముగ్గురమూ చదవాలంటే ఒకటే దారి కనిపించింది. ఇంటికి తెచ్చి, బ్లేడుతో కుట్టు విప్పి, నాలుగు ముక్కలు చేశాను. ఒక్కో ముక్కను మళ్లీ కుట్టి, మిగిలిన లైనింగు గుడ్డతో అట్ట వేశాను. చూసి రెడ్డి గారు గుండె పట్టుకున్నారు.

"పుస్తకాన్ని చంపినావా తల్లీ!"

"లేదండీ, ఆపరేషన్ చేసినా. పేషెంట్లు నలుగురూ క్షేమం."

ముందు రెడ్డి గారు, తర్వాత నేను, నా తర్వాత పోలయ్యన్న. నియమం ఒక్కటే. ముందు చదివినవాళ్లు జరగబోయేది చెప్పకూడదు.

కథలో ఒక కోట. చుట్టూ శత్రువులు. లోపల బావి ఎండిపోతుంటే, రాణి మనిషికి ఇన్ని నీళ్లని కొలిచి పోయిస్తుంది. డయాలసిస్ వాళ్లం కాబట్టి మాకూ రోజుకు నీళ్లు కొలతే. "నయం, ఆయమ్మ చెంబుతో పోస్తా ఉంది. మనకి గ్లాసే గదా," అన్నారు రెడ్డి గారు. ముగ్గురమూ నవ్వాం. నవ్వితే దాహం వేస్తుందని మేరీ కసిరింది. మూడో ముక్క నా చేతికి వచ్చేసరికి, తలుపు తీసి లొంగిపోవాలా, ఇంకా తట్టుకోవాలా అని రాణి మథనపడుతోంది.

అప్పుడే పెళ్లిళ్ల సీజన్ వచ్చింది. కొట్టు నిండా జాకెట్లు. ఒక డయాలసిస్ మానేశాను. ఏమీ కాలేదు! కాళ్లు నిజం మిషన్ తొక్కుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రెండోదీ మానేశాను. మా ఆయన బతిమాలాడు, తిట్టాడు, అన్నం మానేస్తానన్నాడు. "నాలుగు గంటలు శవం మాదిరి పడుకోవడం నా వల్ల కాదు. నేను ఇంక పోను," అనేశాను. ఆ మాట నిజంగానే అన్నాను. చెప్పులు మళ్లీ బిగిసినా కొత్త చెప్పులు కొందాంలే అనుకున్నాను.

మర్నాడు మళ్లీ డయాలసిస్ రోజు. పొద్దున్నే పోలయ్యన్న ఫోన్ చేశాడు. ఎట్టున్నావని అడగలేదు.

"వనజమ్మా, మూడో ముక్క నీ కాడనే ఉండిపోయిందే."

"అవునన్నా. నేను రావడం మానుకున్నా."

"మానుకుంటే మానుకో. పుస్తకం ఎట్ట పంపిస్తావు?"

నాకు ఒళ్లు మండింది. చావో బతుకో తేల్చుకుంటున్న మనిషిని పట్టుకుని పుస్తకం అడుగుతాడా!

"ఎవురితో పంపేది? రెడ్డి గారిని అడిగి కథ చెప్పించుకో."

"ఆయన చెప్పడంట. నియమమంట. రెండు రోజుల నించి ఆ రాణి నన్ను నిద్రపోనీలా తల్లీ."

పుస్తకం నేనే ఇచ్చేసి, ఆయన్ని నాలుగు మాటలు దులిపేసి, మధ్యాహ్నం బస్సుకు వచ్చేద్దామని బయల్దేరాను. బస్సులో వెనక్కి ఆనుకుంటే ఊపిరి అందలేదు. ముందు సీటు కడ్డీ పట్టుకుని వంగి కూర్చున్నాను. ఉక్క అనుకున్నాను. ఆస్పత్రి మెట్లు ఆగి ఆగి ఎక్కుతుంటే, ఎదురొచ్చిన మేరీ నా ముఖం చూసి చేతిలోని ట్రే అక్కడే పెట్టేసి వీల్‌చెయిర్ కోసం పరిగెత్తింది.

డాక్టరు గారు స్టెతస్కోప్ పెట్టి, ఈసీజీ చూసి, "లంగ్స్‌లో ఫ్లూయిడ్ ఉంది. పొటాషియం ఎక్కువైంది. వెంటనే మిషన్ మీద పెట్టండి," అన్నారు.

"నేను పుస్తకం ఇచ్చి పోదామని..." ఊపిరి చాలక అంతవరకే అనగలిగాను.

"ఇచ్చేసి పడుకోండి. ఈ రాత్రి ఇంట్లో ఉండి ఉంటే గుండె ఆగిపోయేది."

మా ఆయనకు ఎవరు ఫోన్ చేశారో తెలియదు. కళ్లు తెరిచేసరికి కాళ్ల దగ్గర కూర్చుని, నా పాదాలను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. అవి ఆ పూట ఏ మిషనూ తొక్కలేదు.

ఊపిరి కుదురుకున్నాక పక్కకు తిరిగాను. పోలయ్యన్న ఒంటి చేత్తో మూడో ముక్క పట్టుకుని చదువుకుంటున్నాడు.

"అన్నా, నన్ను రప్పించేదానికే గదా అట్ట ఫోన్ చేసినావు?"

ఆయన పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "కాదమ్మా. పుస్తకం కోసరమే చేసినా." పేజీ తిప్పాడు. "మాట్లాడించబాక. రాణి తలుపు కాడికి పోతా ఉంది."

ఇప్పటికీ ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. అది నిజమో, నా పరువు కాపాడటానికి చెప్పే అబద్ధమో తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు వారానికి మూడుసార్లూ వెళ్తున్నాను. ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో పేరుంది, పిలుపు రాలేదు. కొట్టు ఒంటిపూట తీస్తాను. కాళ్లు ఇంకా ఊరికే ఉండవు. వాటి గోల వాటిదని వదిలేశాను. ఇంకో మూడు ఇటుకలకు ఆపరేషన్ చేశాను. ఇప్పుడు రెడ్డి గారే బ్లేడు తెచ్చిస్తారు.

మీలో డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకు ఒక్క మాట. బాగానే ఉందనిపించిన రోజున కూడా మానకండి. నాకు బాగానే ఉందనిపించిన రోజుల్లోనే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. మానేద్దామన్న బుద్ధి ఎలాగూ పుడుతుంది. అందుకని ఇంటికి వెళ్లేటప్పుడు, పక్క మంచం వాళ్లు ఎదురుచూసే వస్తువు ఏదో ఒకటి మీ సంచిలో పెట్టుకుని వెళ్లండి. మీ కోసం కాకపోయినా, దాని కోసం ఫోన్ చేస్తారు.

ఇంతకీ రాణి తలుపు తీసిందా అంటారా? నియమం ఒప్పుకోదు. చివరి పేజీలు చదవకుండా మిగుల్చుకుని, నాలుగో ముక్కను పోలయ్యన్న ఇంకా తన దగ్గరే పెట్టుకున్నాడు.