చప్పుడత్త వదిలేసిన చప్పుడు

ఓడల కార్ఖానాలో ఆమెను అందరూ చప్పుడత్త అనేవారు. ఎవరికి అత్త అంటే ఎవరికీ కాదు, అందరికీ. మొదట్లో ఓడ గదులకు తెరలు కుట్టే పనిలో చేరింది. కుట్టుకుంటూ ఊరుకోక, "ఆ గోడ వెనక ఏదో కొట్టుకుంటోంది చూడండి" అని ఫిట్టర్లను పీక్కుతినేది. వాళ్ళు తిట్టుకుంటూ పలక విప్పితే వదులు పైపో, బిగించని స్క్రూవో దొరికేది. చివరికి పాత మేస్త్రి ఆమె చేతిలో సూది లాక్కుని సుద్దముక్క పెట్టాడు. అప్పటినుంచీ కొత్త ఓడ కదిలే రోజున నడవాల్లో తిరుగుతూ చెవులు రిక్కించి వినడమే ఆమె పని. చప్పుడు వినిపించిన తలుపు మీద సుద్దగీత పెడుతుంది. గీత ఉన్న తలుపుకు అంటించిన కాగితం ముద్ర చించి, ఫిట్టర్లు లోపలికి వెళ్ళి సరిచేస్తారు. గీత లేని గది ముద్ర చెదరకుండా అలాగే సముద్రానికి పోతుంది.

ఆ సముద్రం అక్కడికి దగ్గరేం కాదు. ఇన్ని ఓడలను సాగనంపిన చప్పుడత్త దాన్ని కళ్ళతో చూసిందే లేదు. కార్ఖానా చుట్టూ గడ్డి పొలాలు, మేసే ఆవులు, మధ్యలో ఒక సన్నటి ఏరు. ఓడ చూస్తే అంతస్తుల మీద అంతస్తులు లేచిన మేడ. ఉన్న నీళ్ళలో అది తేలదు కాబట్టి ఎక్కడో దిగువన ఆనకట్ట తలుపులు మూసేస్తారు. నీళ్ళు ఇళ్ళ మెట్లదాకా పెరిగి, పారడం మానేస్తాయి. ఊపిరి బిగబట్టిన మనిషిలా ఉంటుంది ఏరు. ఆ రోజు కప్పలు కూడా నోరెత్తవు.

ఆమె భర్త ఒకప్పుడు అదే కార్ఖానాలో క్రేను తోలేవాడు. కింద నిలబడి అతనికి చేతి సైగలు చేసేవాడు ఆమె తమ్ముడు. సైగ చేసే ముందు ఉంగరంతో ఇనప కమ్మీ మీద టక్ టక్ మని రెండు దెబ్బలు కొట్టడం తమ్ముడి అలవాటు. ఆ చప్పుడుకి పైన బావ తల తిప్పేవాడు. అరచెయ్యి ఎత్తితే ఆగు. మోచెయ్యి మడిచి గాలిని మెల్లగా తోస్తే వెనక్కి. సరేనన్నట్టు బావ రెండు వేళ్ళతో నుదురు తాకేవాడు. ఇంట్లో ఇద్దరికీ క్షణం పడేది కాదు, పనిలోకి దిగితే మాత్రం ఒకడి మాట ఒకడు జవదాటేవాడు కాదు. "ఈసారి ఈ ఓడతో పోయి సముద్రం చూసొస్తానక్కా" అని తమ్ముడు ప్రతి ఓడకీ అనేవాడు. "పోరా, నిన్నెవరు పట్టుకున్నారు?" అని ఆమె ప్రతి ఓడకీ అనేది. ఒక చలికాలం ఛాతీలో నెమ్ము చేరి, ఆసుపత్రి మంచం మీదే పోయాడు. ఆ మాట ఎందుకన్నానా అని ఆమె ఇప్పటికీ కుమిలిపోతుంది.

భర్తకు ఇప్పుడు మతి నిలవడం లేదు. తిన్నది గుర్తుండదు, తినాల్సింది గుర్తుండదు. పోయినసారి ఓడ ఇంటి ముందు నుంచి వెళ్తుంటే, "మా ఆవిడ అందులో వెళ్ళిపోతోంది" అంటూ మెట్లు దిగి నీళ్ళలోకి నడిచాడు. ఇంట్లోనే ఉండే అతని అక్క జబ్బ పట్టుకుని లాగకపోతే ఏమయ్యేదో. మెట్ల కింద నిలువులోతు. గడియ పెడితే కిటికీ ఎక్కుతాడు. చప్పుడత్త పని మానుకుందామంటే, ఏడాదంతా కొలువిచ్చేది ఆ ఒక్కరోజు కోసమే.

"ఓడలోంచి ఎర్రగుడ్డ ఊపుతాను. మేడ మీద కిటికీలోనే ఉండాలి, దిగకూడదు," అని నచ్చజెప్పింది.

"కనపడితే ఉంటా," అన్నాడు అతను. "కనపడకపోతే మాత్రం వచ్చేస్తా."

కుర్ర మేస్త్రి దగ్గరికి వెళ్ళి బతిమాలింది. "మా ఇల్లు ఏటికి ఎడమ ఒడ్డున బాబూ. ఎడమవైపు గది ఒకటి తెరిచిపెట్టు."

"దానికేం భాగ్యం అత్తా," అని అతను ఓడ ఎడమవైపు గది ఒకటి తెరిచి తాళంచెవి చేతిలో పెట్టాడు.

ఆ రోజు మధ్యాహ్నమైనా మంచు విడలేదు. ఓడ కదిలిందని ఎవరో చెబితే తెలిసింది తప్ప, అంత పెద్ద శరీరంలో చిన్న వణుకు కూడా లేదు. నడవా చివర కనపడదు. కింద తివాచీ మీద ప్లాస్టిక్కు, అటూ ఇటూ ముద్ర వేసిన తలుపులు, లోపల మనిషి లేని పడకలు. గోడల అద్దాల్లో ఆమె నీడ ఒకటి ఎదురొచ్చి, ఒకటి వెంటపడి, ఎవరో తోడు నడుస్తున్నట్టే ఉంది. ఇన్నేళ్ళుగా చప్పుళ్ళను వేటాడిన మనిషికి ఆ నిశ్శబ్దమే భయమేసింది. ఒక్కటైనా చప్పుడు వినపడితే బాగుండుననుకుంది.

ఇల్లు దగ్గరపడిందని లెక్కేసుకుని, గది తెరిచి, బాల్కనీలోకి వెళ్ళి గుడ్డ తీసింది. ఎదురుగా ఇల్లు లేదు. ఇటుకల బట్టీ పొగగొట్టం ఉంది. అది ఆమె రోజూ తన మేడ కిటికీలోంచి, అవతలి ఒడ్డున చూసే పొగగొట్టం.

అప్పుడు తట్టింది. ఏటి మలుపుల్లో అదుపు తప్పకుండా ఓడను తోక ముందు పెట్టి వెనక్కి నడిపిస్తారు. అంటే ఓడ ఎడమ, ఏటికి కుడి. బయటివాళ్ళెవరైనా చెప్పగల సంగతే. కిటికీల్లేని నడవాల్లో బతికిన ఆమెకూ, మేస్త్రికీ మాత్రం ఓడ కుడి ఎడమలే లోకానికి కుడి ఎడమలు.

గదిలోంచి నడవాలోకి ఉరుకుతూ ఫోను చేయబోతే ఇనుము మధ్య సిగ్నలు లేదు. నడవా దాటి అవతలికి పరుగెత్తింది. అన్నీ తాళాలే. చివరికి మెట్ల దగ్గర తెరుచుకోని గుండ్రటి అద్దం ఒకటి కనపడింది. దానికి మొహం ఆనించింది. మంచులో ఆమె ఇల్లు నెమ్మదిగా జరుగుతోంది. మేడ మీద కిటికీ ఖాళీ. గట్టు పొడుగునా నిలబడ్డ జనంలో ఎవరూ మాట్లాడటం లేదు, అందరి తలలూ ఓడ వైపే. భర్త మెట్ల మీద ఉన్నాడు. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. ఇంకో మెట్టు దిగాడు.

"ఆగండి! ఏవండీ, ఆగండి!" అని అద్దాన్ని రెండు చేతులా బాదింది. ఆమె గొంతు ఆమెకే తిరిగి వినిపించింది తప్ప అద్దం దాటలేదు.

అప్పుడు పైఅంతస్తులో ఎక్కడో ఇనుము మీద ఇనుము తగిలింది. టక్ టక్.

నీళ్ళలో భర్త తల తిప్పాడు. ఆమె వైపు కాదు, ఆమె కంటే పైకి. కాసేపు అలాగే చూశాడు. ఒక కాలు వెనక్కి తీశాడు, తర్వాత రెండోది. పొడి మెట్టు మీద నిలబడి రెండు వేళ్ళతో నుదురు తాకాడు. వెనకనుంచి అతని అక్క పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. మంచు వాళ్ళను కప్పేసింది.

చప్పుడత్త బయటి డెక్కు మీదికి వెళ్ళి ఇంటికి ఫోను చేసింది.

"బాగానే ఉన్నాడే," అంది ఆడపడుచు రొప్పుతూ. "కళ్ళజోడు తెచ్చుకునేంతలో దిగిపోయాడు. ఇదిగో, మాట్లాడు."

"నువ్వు ఊపుతానన్నావు, ఊపలేదు," అని దెప్పాడు భర్త. "మీ తమ్ముడు ఆగమన్నాడు కాబట్టి ఆగాను. వాడేంటి, అంత పైన నిలబడ్డాడు? పడితే?"

"పడడులెండి," అంది ఆమె.

పైఅంతస్తుకి వెళ్ళింది. ఇంటివైపు తలుపుల పక్కన ఒక్కొక్క అడుగూ వేస్తూ విన్నది. ఒక తలుపు దగ్గర ఆగింది. కాగితం ముద్ర మడత నలగకుండా ఉంది. లోపల, టక్ టక్.

బాల్కనీ గడియ వదులై ఉంటుంది, అనుకుంది. ఓడ కదలికకి కొట్టుకుంటోంది, అంతే. సుద్దముక్క ఎత్తింది. గీత పెడితే ఆనకట్ట దగ్గర ఫిట్టర్లు వస్తారు, ముద్ర చించుతారు, గడియ బిగిస్తారు, లోపల ఏమున్నా అక్కడితో సరి. సముద్రం అక్కడినుంచి ఇంకా చాలా దూరం.

వెనక అడుగుల చప్పుడైంది. కుర్ర మేస్త్రి. అతనూ తలుపు దగ్గర ఆగి చెవి ఒగ్గాడు.

"ఇందులో ఏదో కొట్టుకుంటున్నట్టుంది కదా అత్తా?"

చప్పుడత్త సుద్దముక్కను జేబులో వేసుకుంది.

"నాకేం వినపడలేదు బాబూ," అంది.