చర్చి హాల్లో పుట్టిన ఛానల్

ఆ రోజుల్లో ఇంటర్లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నవాళ్ళలో, ఆ భాష మీద ప్రేమతో తీసుకున్నవాళ్ళను ఒక్కరిని చూపించండి, ఈ జన్మకి వాదించడం మానేస్తాను. అందరం మార్కుల కోసం చేరినవాళ్ళమే. లెక్చరర్ పది వ్యాసాలు ఇచ్చేవారు, మేము కామాలతో సహా బట్టీ పట్టేవాళ్ళం, పరీక్షలో వాటిలోంచే రెండు వచ్చేవి. నాకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. (ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయో ఇప్పటికీ తెలియదు. రీకౌంటింగ్ పెట్టమంటే నాన్న వినలేదు.) ఎవరైనా ఫ్రెంచ్‌లో నా పేరు అడిగితే మాత్రం, ఆ ప్రశ్న ఏ వ్యాసంలోదా అని వెతుక్కునేదాన్ని.

లూయిజియానాలో ఎమ్మెస్ చదివేటప్పుడు ఆ తొంభై ఎనిమిదిని సిగ్గు లేకుండా రెజ్యూమేలో రాశాను. అక్కడి పల్లెల్లో పెద్దవాళ్ళు ఇళ్ళల్లో ఫ్రెంచే మాట్లాడుకుంటారని, మా క్యాంపస్ వెనక పాత లాండ్రీ గదిలో వాళ్ళ కోసం ఒక ఫ్రెంచ్ లోకల్ టీవీ ఛానల్ నడుస్తోందని, స్టూడెంట్ వర్కర్ కావాలన్న నోటీసు చూసేదాకా నాకు తెలియదు. ఛానల్ పెట్టినావిడ డెబ్బై దాటిన రిటైర్డ్ టీచరు. ఊరందరికీ మామ్మే. చిన్నప్పుడు బడిలో ఇంటి భాష మాట్లాడిందని ఆవిణ్ణి గోడవైపు తిప్పి నిలబెట్టారట. ఆ కోపం అరవయ్యేళ్ళు దాచుకుని ఛానల్ పెట్టింది. అంత కోపంతో పెట్టిన ఛానల్లో వచ్చేవి వంటలు, వాతావరణం, చేపల వేట కబుర్లు. ఎంతమంది చూస్తున్నారో దేవుడికే ఎరుక, ఎందుకంటే స్టూడియో ఫోన్ ఒక్కనాడూ మోగిన పాపాన పోలేదు.

నేను చేరిన మూడో వారంలో కేబుల్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. వార్షికోత్సవం లైవ్ చూడటానికి మనిషిని పంపిస్తామని, ఎవరూ చూడటం లేదని తేలితే టీవీలో మా ఛానల్ నంబరు షాపింగ్ ఛానల్‌కి ఇచ్చేస్తామని దాని సారాంశం. మామ్మ ఉత్తరాన్ని మడిచి చేతిసంచిలో కుక్కి, నా వైపు వేలు చూపించింది. "మన ఛానల్ చరిత్ర నువ్వు చెప్పాలి పిల్లా. సముద్రాలు దాటొచ్చిన అమ్మాయి మన భాషలో చెబితే ఒక్కడైనా కదలకపోతాడా!" (మామ్మ మాటల్ని నా తెలుగులో రాస్తున్నాను. అప్పట్లో నాకు సగమే అర్థమైంది, తల మాత్రం పూర్తిగా ఊపాను.)

ఆవిడ రెండు పేజీల చరిత్ర రాసిచ్చింది. కాగితం చూసి చదవడం తొంభై ఎనిమిదికి నామోషీ కదా, బట్టీ వేశాను. మా వరంగల్ రూమ్మేట్ కాగితం పట్టుకుని అప్పజెప్పించుకుంది.

"ఏందే, తుమ్మొస్తే సుత మళ్ల మొదటికెళ్లి ఎత్తుకుంటున్నవ్?"

"బట్టీ అంటే అంతే. మధ్యలోంచి రాదు."

"మరి లైవ్‌ల ఎవలన్న ఆపితే?"

"నన్నెవరాపుతారే?"

"గదీ నిజమే తియ్. నిన్నాపేటోడు ఇంకా పుట్టలే."

పుట్టాడు. శనివారం ఉదయం లైవ్ మొదలైంది. కేబుల్ మనిషి మూల కుర్చీలో వాచీ చూసుకుంటున్నాడు. "మా ఛానల్ చర్చి హాల్లో పుట్టింది," అని అందుకుని నాలుగో వాక్యంలోకి వచ్చానో లేదో, ఫోన్ మోగింది. మామ్మ ఎగిరి స్పీకర్ నొక్కింది. ఎవరో తాత. "చర్చి హాలా? ఎవరు చెప్పారు? మా అన్న పడవల షెడ్డులో పుట్టింది!" (ఇదీ తర్వాత మామ్మ చెబితేనే తెలిసింది. అప్పుడు నాకు అందింది పడవ ఒక్కటే.) నా నోరు ఆగింది. ఆగిందంటే నాకున్న దారి ఒక్కటే కదా. చక్కగా నవ్వి మొదటి నుంచి ఎత్తుకున్నాను. "మా ఛానల్ చర్చి హాల్లో పుట్టింది."

తాతకి ఒళ్ళు మండింది. "షెడ్డని చెబుతున్నానా!" నేను మళ్ళీ ఆగాను, మళ్ళీ నవ్వాను. "మా ఛానల్ చర్చి హాల్లో పుట్టింది." ఈలోగా రెండో లైన్లో ఒక ముసలావిడ. "పిల్ల చెప్పిందే కరెక్ట్. మీ అన్న షెడ్డులో పీతలు తప్ప ఏమున్నాయి?" పీతల మాటకి తాత వైపువాళ్ళు మరో ఇద్దరు దిగారు. నాలుగోసారి చర్చి హాల్లో పుట్టించబోతుంటే నలుగురూ ఒకేసారి అరిచారు. ఇక నా వల్ల కాలేదు. కెమెరాలోకి చూస్తూ అచ్చ తెలుగులో, "ఏమండీ, నన్నొక్కసారి పూర్తి చేయనిస్తారా, చేయనివ్వరా?" అని అరిచాను.

స్పీకర్లోంచి తాత నిదానంగా అన్నాడు: "భాష తెలియలేదు గానీ, ఈ నోరు మా ఊరిదే."

ప్రోగ్రాం అయిపోయినా ఫోన్లు ఆగలేదు. కేబుల్ మనిషి నోట్‌బుక్ మూసేసి, మామ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఇంతకీ షెడ్డా, హాలా?" అని అడిగాడు.

"వచ్చే శనివారం చూడండి, తెలుస్తుంది," అంది మామ్మ.

నంబరు మాకే ఉండిపోయింది. అతను వెళ్ళాక నేనూ అదే ప్రశ్న అడిగాను. మామ్మ కేబుళ్ళు చుట్టుకుంటూ, "షెడ్డే. ఆ పీతల కంపు ఇంకా గుర్తుంది," అంది. "మరి కాగితంలో హాలని రాశారేం?" "నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను పిల్లా. సరిగ్గా చెబితే ఒక్కరూ నోరు విప్పరు, తప్పు చెబితే క్లాసంతా లేస్తుంది." అంటే నా ఫ్రెంచ్ గొప్ప ఏమీ లేదన్నమాట! నా మొహం చూసి జాలిపడి, "అదే తప్పు మూడుసార్లు చెప్పమని మాత్రం నేననలేదు. ఆ గొప్ప నీదే," అంది.

మామ్మ ఇప్పుడు లేదు. ఛానల్ ఉంది, సెల్‌ఫోన్లలోకి వచ్చేసింది. పోయిన నెల, పాతవాళ్ళంతా జ్ఞాపకాలు వీడియో తీసి పంపమన్నారు. ఇప్పుడు మేముండే ఎడిసన్‌లో మా హాల్లో, మంచి చీర కట్టుకుని సోఫాలో కూర్చున్నాను. స్కూల్లో ఫ్రెంచ్ నేర్చుకుంటున్న మా అమ్మాయి ఫోన్ పట్టుకుని, "అమ్మా, జస్ట్ బీ నేచురల్, ఓకే?" అంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మామ్మ రాసిచ్చిన ఫ్రెంచ్ చరిత్ర కామాలతో సహా వచ్చేస్తోంది! నాలుగో వాక్యంలో అది ఆపేసింది. "వెయిట్, వెయిట్. అది షెడ్ కదా అమ్మా? నువ్వే చెప్పావ్. యూ ఆర్ సేయింగ్ ఇట్ రాంగ్."

తెలుసే తల్లీ. నాకు తెలుసు. కానీ మధ్యలో ఆపావుగా, నేనేం చేయను? చీర సర్దుకుని, ఆ ఇరవై మూడేళ్ళ పిల్లలాగే చక్కగా నవ్వాను. లూయిజియానాలో పడవల షెడ్డు గుర్తున్న తాత ఇంకొక్కడైనా మిగిలుంటే, వాడికి ఒళ్ళు మండాలని మనసారా కోరుకుంటూ, మొదటి నుంచి ఎత్తుకున్నాను.

"మా ఛానల్ చర్చి హాల్లో పుట్టింది."