కత్తి మావయ్య గొంతులోని మనుషులు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని కత్తి మావయ్య అనేవారు. ఆపరేషన్‌కి ముందు రోగుల మెడా ఛాతీ నున్నగా గొరగడం ఆయన పని. అప్పట్లో గొంతు క్యాన్సరంటే ఇంకేముంది, స్వరపేటిక మొత్తం తీసి పారేయడమే! మెడకి చిల్లు, అందులోంచి ఊపిరి. మాట ఆ పూటతో సరి. సబ్బు నురగలో గడ్డం పైకెత్తుకుని మనిషి ఆఖరిసారి మాట్లాడేది చాలావరకు ఈయనతోనే.

ఆ రోజుల తీరు వింటే ఇప్పటివాళ్ళు నోరెళ్ళబెడతారు. కోయబోయే డాక్టరుగారే వరండాలో సిగరెట్టు కాలుస్తూ, "అయిందా మావయ్యా?" అని కేకేసేవారు. భయంతో వణికే రోగికి ఒకటి వెలిగించి ఇవ్వడం దయ కింద లెక్క. మావయ్య జేబులో పెట్టె ఎప్పుడూ ఉండేది.

ఆయనకో విద్య ఉంది. ఎవరి గొంతైనా అచ్చం దింపేస్తాడు. మొదట్లో క్యాంటీన్‌లో ఆ రోగుల గొంతులు పలికి అందర్నీ కడుపుబ్బా నవ్వించేవాడు. ఆ నవ్వులు ఎన్నాళ్ళు! రానురాను అవి పిలవకుండానే రావడం మొదలెట్టాయి. ఇంట్లో మంచినీళ్ళడిగితే ఎవరిదో బొంగురు గొంతు. భార్య హడలిపోయేది. "ఇవాళ ఎవరయ్యా ఇంటికొచ్చింది?" అనేది. అది వేళాకోళం కాదని ఇద్దరికీ తెలుసు.

కాలం మారింది. కోయకుండా కరెంటు పెట్టి, అదే రేడియేషన్‌తో, గొంతు నిలబెట్టే వైద్యం వచ్చింది. పొగ తాగరాదని గోడగోడకీ బోర్డులొచ్చాయి. మావయ్య పని మానేశాడు. గొంతులు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఒక మధ్యాహ్నం ఓ అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఫొటో చూపించింది.

"మా నాన్నండీ. నేను అమ్మ కడుపులో ఉండగా మీ ఆసుపత్రిలోనే ఆపరేషన్ అయింది. ఏం కావాలన్నా పలక మీద రాసేవాడు. మొన్న పోయాడు. ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. మీరు అందరి గొంతులూ పలుకుతారని అక్కడి ఆయా చెప్పింది. ఒక్కసారి వినిపిస్తారా?"

మావయ్య చూడగానే గుర్తుపట్టాడు. ఎలా మరిచిపోతాడు! కానీ ఆ మనిషి మాటల్లో ఆయన దగ్గర మిగిలింది ఒక్కటే. అది ఈ పిల్లతో ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

"గుర్తు లేదమ్మా," అని బొంకాడు.

అమ్మాయి మొహం చిన్నబోయింది. కళ్ళు తుడుచుకుని లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోబోయింది.

అంతలో, మావయ్య పళ్ళు బిగబట్టినా ఆగకుండా, లోపలినుంచి ఓ జీరగొంతు పలికింది.

"బిడ్డ పుట్టాక ఇంక ముట్టను తమ్ముడూ, ఒట్టు. ఈ ఒక్కటీ ఇవ్వవూ?"

అమ్మాయి తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"ఇచ్చారా?"

"ఇచ్చానమ్మా." ఈసారి ఆయన సొంత గొంతే. "నేనే వెలిగించి నోట్లో పెట్టాను. పాపం మూటగట్టుకున్నాను తల్లీ."

ఆమె తలుపు వదిలింది. లోపలికొచ్చి ఆయనకెదురుగా కూర్చుంది.

"మళ్ళీ అనండి," అంది. "నాన్న అన్నది."