గోడ మీది బోర్డు, మంచం దగ్గరి అట్ట

మియాపూర్‌లో ఎక్కింది మొదలు మెట్రోలో ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకునే ఉన్నాను. ఆసుపత్రి కోసం రాసిన ప్రోగ్రామ్ అది. ఒక పేషెంటుకి జ్వరం నూటరెండు అని కొడితే అందరికీ నూటరెండే చూపిస్తోంది. గంటలో డెమో. ఫోన్‌లో మా టీమ్ లీడ్‌కి అదే చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను.

ఫోన్ పెట్టేయగానే పక్క సీట్లో నర్సు యూనిఫాంలో ఉన్నావిడ నా స్క్రీన్‌లోకి తొంగి చూసింది. నాకు చిరాకేసింది.

“ఏమనుకోకు బిడ్డా. మా వార్డుల కొత్తగ వచ్చిన నర్సు పిల్ల గూడ గిట్లనే చేసింది. గోడ మీది బోర్డు అందరికీ. మంచానికున్న కేస్ షీట్ అట్ట ఆ ఒక్క మనిషికి. ఒకాయన జ్వరం తీసుకపోయి బోర్డు మీద రాసింది. వార్డంత జ్వరమా అని డాక్టర్ పరేషాన్. నువ్వెక్కడ రాసినవో చూస్కో.”

చూశాను. ‘ఈ ఒక్క పేషెంటు’ అని చెప్పడానికి సెల్ఫ్ అని రాయాల్సిన చోట, పేషెంట్లందరికీ ఉమ్మడిగా ఉండే క్లాస్ పేరు రాశాను. రెండు రోజులుగా మా టీమ్‌లో ఎవరికీ కనబడని తప్పు. మార్చగానే ఎవరి జ్వరం వాళ్లకి వచ్చింది.

“మీకు కోడింగ్ వచ్చా సిస్టర్?”

“నాకేం తెల్వదు. వార్డు తెలుసు.”

“ఆ అమ్మాయిని బాగా తిట్టారా?”

“తిడితే జ్వరాలు సరైతయా? ఆమెతోని తిరిగి అన్ని మంచాలు మళ్ల చూసిన” అంటూ దిగిపోయింది.

ఇప్పుడు మా టీమ్‌లో కొత్తవాళ్లు ఇదే తప్పు చేస్తుంటారు. కుర్చీ లాక్కుని వాళ్ల పక్కన కూర్చుంటాను.