కనిపించని ఎండను రాసిన మాస్టారు

సంతాప సభలో మీరందరూ ఆయన్ని ‘వాన కబురు మాస్టారు’ అన్నారు. తప్పు. పోయిన మంగళవారం పొద్దున గుండె ఆగి వెళ్లిపోయిన మా ఎదురు క్వార్టరు ఫిజిక్స్ మాస్టారు వాన గురించి ఏనాడూ చెప్పలేదు. ఆయన చెప్పింది ఎండ గురించి. అందులోనూ కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాల గురించి. ఆయన ఇక దిద్దలేరు కనుక నేను దిద్దుతున్నాను.

రిటైరయ్యాక రోజూ మన భిలాయి సెక్టర్ 4 మార్కెట్లో సైబర్ కేఫ్‌కి వెళ్లేవారు. ఉపగ్రహం రోజుకోసారి మన మీదుగా పోతూ, సూర్యకాంతి ఎంత వెనక్కి వస్తోందో కొలుస్తుంది. దాన్నిబట్టి పైన ఓజోనూ, మబ్బూ ఎంతున్నాయో, ఆ కిరణాలు నేలకు ఎంత దిగుతాయో లెక్క తేలుతుంది. ఆ అంకెను ఆయన గేటుకు కట్టిన పలక మీద సుద్దతో రాసేవారు. అంకె ఎంత పెద్దదైతే ఎండ అంత చెడ్డది. వీధి మొత్తం మీద దాన్ని చదివేది నేనూ, నా మనవరాలూ. పిల్లకు లూపస్. ఎండ తగిలితే ఒళ్లే ఒంటి మీద తిరగబడే జబ్బు.

పోయిన ఏడాది, మనకు కొత్త రాష్ట్రం వచ్చిన హుషారులో పంద్రాగస్టు కవాతు పెద్దగా తలపెట్టారు. రిహార్సల్ రోజు పలక మీద మూడు, అంటే తక్కువే.

“అమ్మమ్మా, బాదల్ హై నా! అంకుల్ మూడే రాశారు. జానే దో!”

పైన మబ్బు, కింద ఉక్కు ప్లాంటు ధూళి. భిలాయిలో సూర్యుడికే దారి దొరకదని మనందరికీ ఉన్న ధీమాయే నాకూ. పంపేశాను.

పదకొండున్నరకు మాస్టారు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

“అక్కగారూ, పిల్లేది?”

“గ్రౌండుకెళ్లింది. మూడని మీరే కదా రాసేరు?”

“అది నిన్నటిదండీ! ఆ పైనున్నదానికి అటు దుర్గూ, మధ్యన మనమూ, ఇటు కుమ్హారీ, ఊళ్లన్నీ కలిపి ఒకటే గడి. కుమ్హారి మీద మబ్బుంటే మనకీ ఉన్నట్టే లెక్క. బయటికొచ్చి చూడండి, ఎలా కాస్తందో!”

ఆయన సైకిలు వెనక కూర్చోవడానికి నా వయసు సిగ్గుపడింది, నేను పడలేదు. వెళ్లేసరికి పిల్ల ఎండలో అటెన్షన్‌లో నిలబడి ఉంది, బుగ్గలు కందిపోయి. సాయంత్రానికి జ్వరం. తర్వాత పదకొండు రోజులు ఆస్పత్రి. జబ్బు మూత్రపిండాలకు పాకింది, అవి నిలుస్తాయని డాక్టరు ఒక్కసారీ గట్టిగా అనలేదు. వరండా బెంచీ మీద రోజూ కూర్చున్న మాస్టారిని నేనన్న మాటలు ఇక్కడ రాయను. ఆయన ఒక్కటే అన్నారు: “యంత్రం అబద్ధమాడలేదక్కగారూ. దాన్ని మన వీధి దాకా లాగింది నేనే.”

పిల్ల గట్టెక్కింది. ఆ తర్వాత పలక మీద అంకె కింద ఇంకో వాక్యం చేరింది: ‘ఇది నిన్నటి చూపు. ఇవాళ్టి ఆకాశం మీరే చూసుకోండి.’

కవాతు పిల్లలకు నీడ కావాలని మన పంద్రాగస్టు కమిటీ చుట్టూ ఏడాదంతా తిరిగారు. “మాస్టర్‌జీ, ధూప్ తో విటమిన్ హై!” అని, ఎండంటే విటమినేగా అన్నట్టు నవ్వారు మీలో కొందరు. ఎవరో నాకు తెలుసు. పోయిన సోమవారం పందిరికి ఒప్పుకున్నారు. మంగళవారం ఆయన లేరు.

గురువారం మళ్లీ రిహార్సల్. నా మనవరాలు వెళ్తుందట. ఇంట్లో నా మాట చెల్లదు. స్కూటరున్నవారెవరైనా రేపే పందిరి గుడ్డ కోసం నెహ్రూ నగర్ టెంటు దుకాణానికి వెళ్లండి. పల్చటి తెల్లగుడ్డ అంటగడతాడు, ఊరుకోకండి. గుడ్డను ఎండకెదురుగా ఎత్తి, వెనక మీ చెయ్యి పెట్టి చూడండి. వేళ్లు కనిపిస్తే మడిచి ఇచ్చేయండి.